రెండో గొట్టం: 2001 ఆంత్రాక్స్ ఉత్తరాల కేసులో డబ్బు ఎక్కడ పనిచేసింది, ఎక్కడ అందలేదు

2002 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫోర్ట్ డెట్రిక్ సైనిక వైద్య పరిశోధన సంస్థలో ఒక శాస్త్రవేత్త తన సంరక్షణలో ఉన్న ఆంత్రాక్స్ నిల్వల నుంచి నమూనాలు తీసి దర్యాప్తు అధికారులకు అప్పగించారు. ఒక్కో నమూనాకు రెండేసి గొట్టాలు. ఒకటి ఎఫ్‌బీఐ నిల్వకు, దాని జత ఆరిజోనాలోని ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు. తాము చెప్పిన రకం గొట్టం వాడలేదని ఎఫ్‌బీఐ మొదటిదాన్ని తిరస్కరించి నాశనం చేసింది. ఏప్రిల్‌లో ఆయన మళ్ళీ నమూనా ఇచ్చారు. అందులో దర్యాప్తు వెతుకుతున్న జన్యు గుర్తులు కనిపించలేదు. కొన్నేళ్ల తరువాత ఆరిజోనాలో మిగిలిపోయిన ఆ రెండో గొట్టాన్ని తీసి పరీక్షిస్తే గుర్తులన్నీ ఉన్నాయి.

అమెరికా చరిత్రలోనే అతి పెద్ద దర్యాప్తుల్లో ఒకటి ఇలా ఒక పారేయని గొట్టం మీద ఆధారపడవలసి వచ్చింది. నేరంలో దొరికిన సూక్ష్మజీవి ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చే శాస్త్రం సూక్ష్మజీవుల ఫోరెన్సిక్స్. దానికి నిధులు ఎందుకు, ఎప్పుడు, దేనికి ఇవ్వాలని ఎవరైనా అడిగినప్పుడు నేను ఈ గొట్టం దగ్గరే మొదలుపెడతాను.

నేను పశువైద్య సూక్ష్మజీవశాస్త్రంలో పనిచేసినవాడిని. 2001 చివరి నెలల్లో మన దేశంలోనూ తెల్లపొడి కవర్ల భయం పాకినప్పుడు మా ప్రయోగశాలకు వచ్చిన పొడులను పరీక్షించిన చిన్న బృందంలో ఉన్నాను. మైదా, టాల్కం పౌడరు, ఒకసారి సున్నం. ప్రతి కవరునూ నిజమైనదే అనుకుని తెరిచేవాళ్లం. ఆ రోజుల్లో ఒక పోలీసు అధికారి అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు: “ఇది ఆంత్రాక్సే అని తేలితే, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలరా?” ఏ జబ్బో చెప్పగలం అన్నాను. ఎక్కడిదో చెప్పడానికి మా దగ్గర పోల్చి చూసుకునే నిల్వ లేదు. ఆ తరువాతి ఏళ్లలో పరిశోధన ప్రతిపాదనలను పరిశీలించే కమిటీల్లో కూర్చున్నప్పుడల్లా ఆ ప్రశ్న నా పక్కనే కూర్చుంది.

కేసు

2001 సెప్టెంబరు 18న న్యూజెర్సీలోని ట్రెంటన్ తపాలా ముద్రతో న్యూయార్క్ పత్రికా కార్యాలయాలకు, టీవీ సంస్థలకు ఉత్తరాలు వెళ్లాయి. అక్టోబరు 9 ముద్రతో మరో రెండు సెనేటర్లు టామ్ డాష్లే, పాట్రిక్ లేహీలకు వెళ్లాయి. కవర్లలో ఆంత్రాక్స్ స్పోర్ల పొడి ఉంది. మొదట మరణించింది ఫ్లోరిడాలోని ఒక పత్రికా సంస్థ ఫొటో ఎడిటర్ రాబర్ట్ స్టీవెన్స్, అక్టోబరు 5న. ఆయన వెన్ను ద్రవాన్ని సూక్ష్మదర్శిని కింద చూసిన స్థానిక అంటువ్యాధుల వైద్యుడు లారీ బుష్ అనుమానపడి వెంటనే ఆరోగ్య అధికారులకు చెప్పకపోయి ఉంటే ఈ కథ ఇంకా ఆలస్యంగా మొదలయ్యేది. మొత్తం 22 మందికి జబ్బు చేసింది, ఐదుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు వాషింగ్టన్ తపాలా కేంద్రంలో ఉత్తరాలు విడదీసే కార్మికులు. సుమారు పది వేల మందికి ముందు జాగ్రత్తగా రెండు నెలల యాంటీబయాటిక్ మందులు వాడమని చెప్పారు. ఆ తపాలా కేంద్రాన్ని శుద్ధి చేయడానికే 13 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. రెండేళ్లకు పైగా అది మూతపడింది.

ఆంత్రాక్స్ మనకు కొత్త జబ్బు కాదు. పశువులకు వచ్చే దొమ్మ రోగమే ఇది. బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే ఈ సూక్ష్మజీవి, గట్టి పెంకులో నిద్రపోయే విత్తనం లాంటి స్పోరుగా మారి మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. స్పోరుగా నిద్రపోయే కాలంలో దాని జన్యువులు దాదాపు మారవు. అందుకే ప్రపంచంలోని ఏ రెండు ఆంత్రాక్స్ రకాలను పోల్చినా తేడాలు చాలా తక్కువ. మనిషి మనిషికీ వేలిముద్ర మారుతుంది. ఇక్కడ ఊరు ఊరంతటికీ ఒకే వేలిముద్ర ఉన్నట్టు లెక్క. ఫోరెన్సిక్స్‌కు ఇంతకంటే కష్టమైన జీవి తక్కువ.

ఒక్క రాత్రిలో వచ్చిన జవాబు

అక్టోబరు మొదటి వారంలో ఫ్లోరిడా రోగి నుంచి పెంచిన సూక్ష్మజీవి నమూనా విమానంలో ఆరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ చేరింది. నార్తర్న్ ఆరిజోనా విశ్వవిద్యాలయంలో పాల్ కైమ్ బృందం రాత్రంతా పనిచేసి తెల్లవారేసరికి అది ‘ఏమ్స్’ రకమని చెప్పింది. ఏమ్స్ అంటే ప్రకృతిలో అరుదుగా, ప్రయోగశాలల్లో ఎక్కువగా ఉండే రకం. ఆ ఒక్క మాటతో దర్యాప్తు దిశ మారింది. విదేశీ శత్రువును వెతుకుతున్న చూపు తమ దేశపు ప్రయోగశాలల వైపు తిరగడం అక్కడే మొదలైంది.

ఆ రాత్రి వెనుక ఏళ్ల పని ఉంది. కైమ్, లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన పాల్ జాక్సన్, లూసియానాలోని పశువ్యాధుల శాస్త్రవేత్త మార్టిన్ హ్యూ-జోన్స్ కలిసి 2000లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ప్రపంచం నలుమూలల నుంచి సేకరించిన 426 ఆంత్రాక్స్ నమూనాలను ఎనిమిది జన్యు స్థానాల ఆధారంగా 89 సమూహాలుగా విడదీశారు. ఆ సేకరణలో సింహభాగం చనిపోయిన పశువులది. హ్యూ-జోన్స్ దశాబ్దాలుగా దేశదేశాల పశువైద్యులతో స్నేహం చేసి, అడిగి, బతిమాలి తెప్పించుకున్న గొట్టాలు అవి. 1990ల్లో అమెరికా ఇంధన శాఖ ఇచ్చిన నిధులు ఈ పనిని నిలబెట్టాయి. అప్పటికి నేరం లేదు, నిందితుడు లేడు, పత్రికల్లో శీర్షిక లేదు.

అదే సేకరణ మరో పాత కేసునూ తేల్చింది. 1993లో జపాన్‌లో ఓమ్ షిన్రిక్యో అనే మత సంస్థ టోక్యోలోని కమేయిదో ప్రాంతంలో ఉన్న తన భవనం పైనుంచి ఆంత్రాక్స్ ద్రవాన్ని చిమ్మింది, ఎవరికీ జబ్బు చేయలేదు. ఎందుకు చేయలేదో కైమ్ బృందం 2001లో తేల్చింది. వారు వాడినది జబ్బు చేసే శక్తి లేని స్టెర్న్ టీకా రకం. మన పశువులకు దొమ్మ టీకాగా ఏటా వేసేది ఆ రకమే. పోల్చడానికి టీకా రకం ముందే సేకరణలో ఉంది కాబట్టే ఈ సంగతి తెలిసింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా అదే అక్టోబరులో జరిగింది. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఏడు దశాబ్దాలుగా పేరుకున్న ఆంత్రాక్స్ నమూనాల సేకరణను, భద్రత భయంతో, ఎఫ్‌బీఐ అభ్యంతరం చెప్పకపోవడంతో, వేడి ఆవిరిలో చంపేశారు. కాపలాకు డబ్బు, మనుషులు లేని చోట భయం వచ్చినప్పుడు అందరికీ తోచే పని అదే. వారిని నేను తప్పుపట్టను. కాని ఆ గొట్టాల్లో ఏముందో ఇక ఎవరూ చెప్పలేరు.

తోడు పెరుగు సమస్య

ఏమ్స్ అని తేలగానే దర్యాప్తు ముగియలేదు సరికదా, అసలు చిక్కు అక్కడే మొదలైంది. 1981లో టెక్సస్‌లో చనిపోయిన ఒక పెయ్య నుంచి తీసిన సూక్ష్మజీవి అది. పార్శిల్ మీద ఉన్న పాత చిరునామా వల్ల అయోవాలోని ఏమ్స్ నుంచి వచ్చిందని పొరబడి ఆ పేరు పెట్టారు. ఫోర్ట్ డెట్రిక్ చేరాక టీకా పరిశోధనకు బాగా పనికివస్తుందని ఒక ప్రయోగశాల నుంచి మరొక దానికి పంచుకుంటూ పోయారు.

మన ఇళ్లలో తోడు పెరుగు లాంటిదే ఇది. పక్కింటి నుంచి ఒక చెంచా తోడు తెచ్చుకుంటాం, మన పెరుగు నుంచి మరొకరు పట్టుకుపోతారు. కొన్నాళ్లకు వీధంతా ఒకే పెరుగు. ఆ పెరుగు ఎక్కడో ఒలికితే, అది ఈ వీధిదే అని చెప్పవచ్చు. ఏ ఇంటిదో చెప్పాలంటే ప్రతి ఇంటి గిన్నెలోనూ ఆ ఇంటికి మాత్రమే ప్రత్యేకమైన చిన్న మార్పు ఏదైనా ఉందేమో వెతకాలి.

అంతకంటే ముందు, ఏ ఇళ్లలో పెరుగు ఉందో తెలియాలి. 2001 నాటికి అమెరికాలో ప్రమాదకర సూక్ష్మజీవులను ఒకచోట నుంచి మరొకచోటకు పంపితే నమోదు చేయాలన్న నియమం ఉంది, దగ్గర ఉంచుకుంటే చెప్పాలన్న నియమం లేదు. దగ్గర ఉన్నవారందరూ నమోదు కావాలన్న చట్టం 2002 జూన్‌లో వచ్చింది. అంటే ఏమ్స్ ఎవరెవరి దగ్గర ఉందన్న జాబితాను నేరం జరిగాక దర్యాప్తు అధికారులే కూర్చవలసి వచ్చింది.

2001 చివర్లో అమెరికా జాతీయ సైన్సు ఫౌండేషన్ అత్యవసరంగా సుమారు 2 లక్షల డాలర్లు ఇచ్చింది. ఫ్లోరిడా నమూనా పూర్తి జన్యుక్రమాన్ని చదవమని మేరీలాండ్‌లోని జన్యు పరిశోధన సంస్థ టైగర్‌ను కోరింది. అప్పుడు ఫౌండేషన్ డైరెక్టరు రీటా కోల్వెల్, కలరా మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త. వేర్వేరు ప్రభుత్వ విభాగాల నిధులను, మనుషులను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడంలో ఆమె పాత్ర పెద్దది. టైగర్ బృందం ఆ పనిని శూన్యం నుంచి మొదలుపెట్టలేదు. ఏమ్స్ జన్యుక్రమాన్ని చదివే పని దాడులకు ముందే వేరే నిధులతో మొదలై ఉంది. 2002లో టిమొతీ రీడ్, క్లెయిర్ ఫ్రేజర్ తదితరులు ప్రచురించిన ఫలితంలో సుమారు 50 లక్షల అక్షరాల జన్యుక్రమాన్ని పోల్చి 60 కొత్త గుర్తులు చూపించారు. ఒక నేర పరిశోధన కోసం ఒక సూక్ష్మజీవి జన్యుక్రమం మొత్తాన్ని చదివిన తొలి సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

ఇన్ని లక్షల అక్షరాలు చదివినా, ఉత్తరాల్లోని ప్రధాన రకానికీ మూల ఏమ్స్‌కూ మధ్య దర్యాప్తుకు పనికొచ్చే తేడా దొరకలేదు. దారి చూపింది ఒక సాంకేతిక నిపుణురాలి కన్ను. ఫోర్ట్ డెట్రిక్‌లో ఉత్తరాల పొడిని రక్తం కలిపిన అగార్ అనే జెల్లీ పళ్ళేల మీద పెంచుతున్నప్పుడు, కొన్ని కాలనీలు, అంటే సూక్ష్మజీవుల గుంపులు, రంగులో, ఆకారంలో మిగతావాటిలా లేవని ఆమె గమనించారు. పళ్ళేన్ని మామూలుకంటే ఎక్కువసేపు ఉంచి చూసినందువల్ల కనిపించాయవి. వేల కాలనీల మధ్య ఏవో కొన్ని. అవి స్పోర్లు తయారయ్యే క్రమాన్ని ప్రభావితం చేసే ఉత్పరివర్తనలని, అంటే జన్యువుల్లో వచ్చిన చిన్న మార్పులని, తరువాత తేలింది. పొడి ఒకే రకం కాదు, మిశ్రమం. ఆ మిశ్రమమే గుర్తు. ఇలాంటి కన్ను తయారుకావడానికి ఏ గ్రాంటులోనూ పద్దు ఉండదు. పదేళ్లు, పదిహేనేళ్లు ఒకే బల్ల దగ్గర పళ్ళేలు చూసిన మనిషికి జీతం ఆగకుండా వస్తేనే ఆ కన్ను వస్తుంది.

నాలుగు గుర్తులు, 947 నమూనాలు

ఆ ఉత్పరివర్తనల్లో నాలుగింటిని పట్టుకునే పరీక్షలను వేర్వేరు కాంట్రాక్టు ప్రయోగశాలలు తయారుచేశాయి. అమెరికా, కెనడా, బ్రిటన్, స్వీడన్‌లలోని 20 ప్రయోగశాలల నుంచి వెయ్యికి పైగా ఏమ్స్ నమూనాలు సేకరించారు. నాలుగు పరీక్షల్లోనూ స్పష్టమైన ఫలితం వచ్చినవి 947. వాటిలో నాలుగు గుర్తులూ ఉన్నవి ఎనిమిదే. ఆ ఎనిమిదీ ఆర్‌ఎంఆర్-1029 అనే ఒక ఫ్లాస్కుకో, దాని నుంచి తీసినవాటికో చెందినవని ఎఫ్‌బీఐ చెప్పింది. ఫోర్ట్ డెట్రిక్‌లో ఆ ఫ్లాస్కు సంరక్షకుడు బ్రూస్ ఐవిన్స్. మొదట్లో చెప్పిన గొట్టాలు ఇచ్చిన శాస్త్రవేత్త ఈయనే. అభియోగాలు నమోదు కాకముందే 2008 జులై 29న ఆయన మరణించారు. 2010 ఫిబ్రవరి 19న న్యాయశాఖ ఆయనే చేశారంటూ కేసు మూసింది. ఆ సాక్ష్యం ఏ న్యాయస్థానంలోనూ పరీక్షకు రానేలేదు.

సైన్సు పక్షాన తీర్పు లాంటిది 2011 ఫిబ్రవరిలో వచ్చింది. జాతీయ పరిశోధన మండలి నియమించిన కమిటీ, శాస్త్రీయ ఆధారాలను మాత్రమే బట్టి ఉత్తరాల్లోని ఆంత్రాక్స్ ఎక్కడిదో నిశ్చయంగా చెప్పలేమని రాసింది. 2014 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం పరీక్షల ధ్రువీకరణలో, గణాంక విశ్లేషణలో లోపాలను ఎత్తిచూపింది. ఈ రెండు నివేదికలనూ నేను నిధులిచ్చేవారికి చదవమని ఇస్తాను.

లోపం ఎక్కడో బస్తా ఉదాహరణతో చెబుతాను. కందిపప్పు బస్తాలో ఎక్కడో కొన్ని మినపగింజలు కలిసి ఉన్నాయనుకోండి. గుప్పెడు తీసి చూస్తే మినపగింజ కనిపిస్తే బస్తాలో ఉన్నట్టే. కనిపించకపోతే? బస్తాలో లేదా, గుప్పెట్లోకి రాలేదా? ఉత్పరివర్తనలు మిశ్రమంలో అతి తక్కువ శాతం. ఒకే ఫ్లాస్కు నుంచి పదేపదే తీసినా కొన్నిసార్లు ఒకటో రెండో గుర్తులు తప్పిపోయేవి. అలాంటప్పుడు ‘నాలుగు గుర్తులూ కలిసి లేవు’ అన్న తొమ్మిది వందలకు పైగా ఫలితాల్లో ఎన్నిటిని నమ్మాలి? ఎంత పెద్ద గుప్పెడు తీయాలి, ఎన్నిసార్లు తీయాలి, తప్పిపోయే అవకాశం ఎంత అన్న లెక్క నమూనాల సేకరణకు ముందే కట్టవలసింది. కట్టలేదు. పైగా ఆ నమూనాలు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. వీధిలో తోడు పంచుకున్న ఇళ్లవి. ఎనిమిది అన్న సంఖ్య ఎంత అరుదో చెప్పే గణితానికి పునాదే లేదు.

ఇంకొక విషయం. నమూనాలు తీసింది, గొట్టాల్లో పెట్టింది, పంపింది ఆయా ప్రయోగశాలల వారే. అనుమానితుడు కాగలవాడే తన సాక్ష్యాన్ని తానే ఎంచి ఇచ్చే ఏర్పాటు అది. మొదట్లో చెప్పిన రెండో గొట్టం విలువ ఇక్కడ తెలుస్తుంది. ఫిబ్రవరి నమూనాలో ఉన్నవి ఏప్రిల్ నమూనాలో ఎందుకు లేవన్న ప్రశ్నకు, ఆయన కావాలనే తప్పు నమూనా ఇచ్చారని ఎఫ్‌బీఐ ఒక జవాబు చెప్పింది. గుప్పెడు సిద్ధాంతం ఇంకో జవాబు చెబుతుంది. రెండింటిలో ఏది నిజమో తేల్చే ప్రయోగం చేయడానికి ఆరంభంలో కొద్ది నెలల సమయం, కొద్దిపాటి డబ్బు సరిపోయేవి.

ఈ మధ్యకాలంలో ఒక నిర్దోషి జీవితం నలిగిపోయింది. స్టీవెన్ హాట్‌ఫిల్ అనే శాస్త్రవేత్తను 2002లో అటార్నీ జనరల్ బహిరంగంగా అనుమానితుల వరుసలో నిలబెట్టారు. ఏళ్ల తరబడి నిఘా, పత్రికల్లో పేరు, ఉద్యోగం పోవడం. 2008లో ప్రభుత్వం సుమారు 58 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది, ఆయనకు సంబంధం లేదని ప్రకటించింది. మొదటి జన్యుక్రమానికి ఇచ్చిన గ్రాంటుకు ఇది ఇరవై రెట్లకు పైమాటే. ఫోరెన్సిక్స్ అంటే దోషిని పట్టుకోవడం అనుకుంటాం. నా దృష్టిలో నిర్దోషిని తొందరగా వదిలిపెట్టడం దాని మొదటి పని, నిధుల కోసం వాదించేటప్పుడు నేను ముందు చెప్పేది అదే.

డబ్బు ఏ దారిన పోయింది

దాడుల తరువాత డబ్బుకు కొదవ లేదు. 2003లో నగరాల గాలిని పరీక్షించే బయోవాచ్ మొదలైంది. 2004లో టీకాలు, మందుల కొనుగోలుకు ప్రాజెక్ట్ బయోషీల్డ్ కింద పదేళ్లకు 560 కోట్ల డాలర్లు కేటాయించారు. జాతీయ ఆరోగ్య సంస్థల ద్వారా జీవభద్రత పరిశోధనకు వరదలా నిధులు వచ్చాయి. 2005లో 750 మందికి పైగా సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు, ప్రమాదకర జీవుల జాబితా మీదకే డబ్బు మళ్లి, మామూలు సూక్ష్మజీవుల పరిశోధన ఎండిపోతోందని. ఆ లేఖలో బాధ నాకు అర్థమవుతుంది. మామూలు జీవులను తెలిసినవారే అసాధారణమైనదాన్ని గుర్తుపడతారు.

ఫోరెన్సిక్స్‌కు ప్రత్యేకంగా జరిగినవి తక్కువే అయినా మంచివి. 2002లో ఎఫ్‌బీఐ ఒక శాస్త్రీయ కార్యబృందాన్ని ఏర్పాటుచేసి నాణ్యతా ప్రమాణాలు రాయించింది. ఫోర్ట్ డెట్రిక్ ప్రాంగణంలో జాతీయ జీవరక్షణ విశ్లేషణ కేంద్రం, అందులో ఫోరెన్సిక్ విభాగం వచ్చాయి. 2009లో శ్వేతసౌధం సూక్ష్మజీవుల ఫోరెన్సిక్స్‌కు జాతీయ పరిశోధన వ్యూహాన్ని ప్రకటించింది. 2013లో క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆధారంగా మరుసటి ఏడు ఒక మార్గసూచి వచ్చింది. అందులో ముందువరుసలో ఉన్న మాట, ప్రకృతిలో మామూలుగా ఏయే సూక్ష్మజీవులు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియకుండా అసాధారణమైనది ఏదో చెప్పలేమన్నది. పన్నెండేళ్ల తరువాత కూడా అదే లోటు.

ఇంతలో 2017లో, తరువాతి సంవత్సరపు బడ్జెట్ ప్రతిపాదనలో ఫోర్ట్ డెట్రిక్‌లోని ఆ విశ్లేషణ కేంద్రాన్నే మూసేయాలని ప్రభుత్వం సూచించింది. చట్టసభ ఒప్పుకోక నిధులిచ్చింది. ఇలాంటి సంస్థకు ఇదే శాపం. నేరం జరగని ఏళ్లలో దానికి చూపించుకోవడానికి ఏమీ ఉండదు. అగ్నిమాపక కేంద్రాన్ని ఈ ఏడు మంటలు రాలేదని ఎవరూ మూసేయరు. సూక్ష్మజీవుల నిల్వకు ఆ గౌరవం ఇంకా రాలేదు.

కొత్త పరికరాల మీద నాకు వ్యతిరేకత లేదు. 2001లో నెలలు పట్టిన జన్యుక్రమం ఇప్పుడు ఒక రోజులో చదవగలం. మిశ్రమంలోని అరుదైన ఉత్పరివర్తనలను ముందుగా పరీక్ష తయారుచేయకుండానే లోతుగా చదివి పట్టుకోగలం. అమెరికా గూఢచార పరిశోధన సంస్థ ఐయార్పా ఫెలిక్స్ అనే కార్యక్రమం కింద, ఒక జీవిలో మనిషి చేసిన జన్యుమార్పులను గుర్తించే పద్ధతులకు నిధులిచ్చింది. జీవుల జన్యువులను ప్రయోగశాలలో కూర్చి మార్చే సింథటిక్ బయాలజీ కాలంలో అది అవసరమైన పెట్టుబడి. కాని ఆ పద్ధతులన్నీ చివరకు అడిగేది ఒకటే: దేనితో పోల్చాలి?

పోల్చడానికి ఉన్నప్పుడు ఏం జరుగుతుందో హైతీ చూపించింది. 2010 అక్టోబరులో అక్కడ కలరా పుట్టినప్పుడు ఐక్యరాజ్యసమితి శాంతిదళంలోని నేపాల్ శిబిరం మీద అనుమానం వచ్చింది. అదే ఏడు నేపాల్‌లో రోగుల నుంచి తీసిన 24 కలరా నమూనాలు అక్కడి ప్రజారోగ్య ప్రయోగశాల దగ్గర ఉన్నాయి. వాటి జన్యుక్రమాలను హైతీ నమూనాలతో పోల్చిన పత్రం 2011 ఆగస్టులో వచ్చింది. కొన్ని దాదాపు ఒకటే. ఐక్యరాజ్యసమితి 2016లో తన పాత్రను ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ధనిక దేశమేమీ కాని నేపాల్ గొట్టాలు దాచిపెట్టినందువల్ల ఒక మహాసంస్థ జవాబు చెప్పవలసి వచ్చింది.

మన దగ్గర

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు యాభై మందికి పైగా చనిపోయారు. లక్షల మంది ఊరు వదిలి పారిపోయారు. మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలూ వారిలో ఉన్నాయి. అది ప్లేగేనా, కాదా అని శాస్త్రవేత్తలే నెలల తరబడి వాదించుకున్నారు. ఎవరో కావాలని వదిలారన్న పుకార్లు ఆ సందిగ్ధంలోంచే పుట్టాయి. ఆ నమూనాలు ప్లేగు సూక్ష్మజీవివేనని జన్యు పద్ధతులతో నిర్ధారించిన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త శివాజీ బృందం పత్రం 2000లో వెలువడింది. మంచి పని. కాని ఆరేళ్ల విరామంలో పుకారుకు జవాబు చెప్పేవారు లేకపోయారు.

ఇప్పుడు మనకు సీసీఎంబీ, హైదరాబాదులోనే ఉన్న డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ, పుణెలో జాతీయ వైరాలజీ సంస్థ, భోపాల్‌లో పశువ్యాధుల ఉన్నత భద్రతా ప్రయోగశాల, గ్వాలియర్‌లో రక్షణ పరిశోధన సంస్థ ఉన్నాయి. 2020 డిసెంబరులో మొదలైన ప్రయోగశాలల కూటమి ఇన్సాకాగ్, కోవిడ్ జన్యుక్రమాలను దేశమంతటా కలిపి చదవగలమని నిరూపించింది. యంత్రాలున్నాయి, చదివే మనుషులున్నారు. లేనిది మారుమూల నుంచి ఆ యంత్రం దాకా నమూనా చెడకుండా, చేతులు మారిన ప్రతి చోటా సంతకంతో ప్రయాణించే దారి.

నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో గొంతువాపు కారక పాస్చురెల్లా నమూనాలను పదకొండేళ్లు సేకరించాం. ఒక వేసవిలో నాలుగు రోజులు కరెంటు పోయింది, జనరేటరుకు డీజిలు కొనే పద్దు అయిపోయింది. ఫ్రీజరు కరిగింది. పాస్చురెల్లాలన్నీ చనిపోయాయి. పక్క అరలో ఉన్న దొమ్మ నమూనాల స్పోర్లకు ఏమీ కాలేదు, వాటి లేబుళ్లు తడిసి ఊడిపోయాయి. బతికి ఉన్న జీవి, ఏ ఊరిదో తెలియదు. శాస్త్రానికి అది ఎంతోకొంత పనికిరావచ్చు, న్యాయస్థానానికి ఏ మాత్రం పనికిరాదు. ఆ ఏడాదే అదే ప్రయోగశాలకు కొత్త జన్యు యంత్రం మంజూరైంది.

అందుకే ప్రతిపాదన నా చేతికి వస్తే ఖర్చుల పట్టికను చివరి నుంచి చదువుతాను. యంత్రం పేరు మొదట ఉంటుంది. నిల్వ, విద్యుత్తు, నమూనాల రవాణా, పరీక్షలు తప్పిపోయే రేటును కొలిచే ప్రయోగాలు, ఏ నమూనా ఏదో చెప్పకుండా ఇంకో ప్రయోగశాలలో చేయించే పరీక్ష, పదేళ్లు ఉండే సాంకేతిక సిబ్బంది జీతం, ఇవి చివర ఉంటాయి లేదా ఉండవు. నూరు రూపాయల్లో కనీసం నలభై వీటికి పోవాలని నేను వాదిస్తాను. కమిటీలో ఒప్పుకున్నవారు తక్కువ. ‘ఇందులో కొత్తదనం ఏముంది’ అని అడుగుతారు. ఏమ్స్ కేసులో 947 ఫలితాల వెనుక లేకపోయిన ఒకే ఒక్క పట్టిక, తప్పిపోయే రేటు పట్టిక, నా దృష్టిలో ఆ కేసులో జరగవలసి ఉండి జరగని అతి పెద్ద ఆవిష్కరణ.

విశాఖ మన్యంలో దొమ్మ దాదాపు ప్రతి వానాకాలం ఏదో ఒక గూడెంలో కనిపిస్తుంది. చనిపోయిన పశువు మాంసం కోసిన చేతుల మీద నల్లని పుండ్లు లేస్తాయి. నియమం ప్రకారం కళేబరాన్ని కోయకూడదు. పశువైద్యులు చెవి సిరలోంచి ఒక చుక్క రక్తం తీసి స్లయిడు మీద పూసి, రంగు వేసి చూస్తారు. దొమ్మ అని తేలితే కళేబరాన్ని సున్నం వేసి లోతుగా పాతిపెట్టి, చుట్టుపక్కల పశువులకు టీకాలు వేస్తారు. రోగ నియంత్రణకు ఇది చాలు. ఆ జీవి ఏ రకమో, పక్క కొండ మీద నిరుడు వచ్చినదేనా, ఒడిశా వైపు నుంచి వచ్చిందా అన్న సమాచారం కళేబరంతో పాటే భూమిలోకి పోతుంది. రేపెప్పుడో ఎవరైనా కవరులో పంపితే అది మన మట్టిదా, బయటిదా అని అడగడానికి ఆ సమాచారమే కావాలి.

మొన్నటి వానాకాలంలో అక్కడి ఒక యువ పశువైద్యురాలు ఫోను చేసింది. నిర్ధారణ అయిపోయింది, రక్తం తీసిన దూది ఇంకా సీలు వేసిన డబ్బాలో ఉంది, కాల్చేయమంటారా సార్ అని. వద్దమ్మా అన్నాను. తగిన భద్రత ఉన్న ప్రయోగశాలలో పెంచి, హిసార్‌లో ఉన్న పశువైద్య సూక్ష్మజీవుల జాతీయ సేకరణ కేంద్రానికి చేర్చవచ్చని చెప్పి, ఎవరితో మాట్లాడాలో చెప్పాను. ఆమె అన్నీ రాసుకుంది. మూడు పొరల డబ్బా, చల్లని పెట్టె, వెంట వెళ్లే మనిషికి ప్రయాణ ఖర్చు. చివరికి ఒక్కటి అడిగింది: “ఇది ఏ పద్దు కింద రాయమంటారు సార్? టీకాల పద్దు ఉంది, మందుల పద్దు ఉంది.” నేను చూసిన ఏ పథకంలోనూ ఆ పద్దు లేదు. డబ్బాను కాల్చవద్దని మాత్రం మళ్ళీ చెప్పాను. ఇప్పటికి అది ఆమె దగ్గరే, తాళం వేసిన ఫ్రిజ్‌లో, ఊరి పేరు, తేదీ, సంతకం ఉన్న లేబుల్‌తో ఉంది.